పుస్తకం, మంచి పని, పరుగు: లెక్క పిల్లల చేతిలోనే ఉండనివ్వండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మూడో తరగతి నుంచి ఆరో తరగతి వరకు పిల్లలకు ఆరు నెలల కార్యక్రమం పెడుతున్నారు. ఒక్కొక్కరూ 26 పుస్తకాలు చదవాలి, 26 మంచి పనులు చేయాలి, విడతలవారీగా మారథాన్ దూరం పరుగెత్తాలి. మిమ్మల్ని ఇన్‌చార్జిగా వేశారు. పిల్లలు చేయకుండానే చేశామని రాస్తే ఎలా? చదవడం సరిగా రానివాళ్లు, పరుగెత్తలేనివాళ్లు ఏం కావాలి? మంచి పని అంటే దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? బహుమతులు పెట్టాలా, వద్దా?

టీచర్ గారూ, ఇలాంటి కార్యక్రమాన్ని నేను పద్నాలుగేళ్లు నడిపాను. మీరు ఇప్పుడు పడుతున్న టెన్షనే మొదటి ఏడాది నేనూ పడ్డాను. ఆ టెన్షన్‌లో ఒక పెద్ద తప్పు చేశాను. ముందు అది చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలన్నింటికీ జవాబు చాలావరకు అందులోనే ఉంది.

వరండాలో గోడంత చార్టు పెట్టించాను. ఎడమ పక్క పిల్లల పేర్లు, ఎదురుగా గళ్లు. పుస్తకం చదివితే నీలం చుక్క, మంచి పని చేస్తే పసుపు చుక్క, కిలోమీటరు పరుగెత్తితే ఎర్ర చుక్క. మొదటి మూడు వారాలు ఇంటర్వెల్ గంట కొడితే చాలు, పిల్లలంతా చార్టు దగ్గరే. రెండో నెల వచ్చేసరికి అయిదారుగురి వరసలు నిండిపోతున్నాయి, పదిహేను వరసలు దాదాపు ఖాళీగా ఉన్నాయి. అయిదో తరగతి అబ్బాయి ఒకడిది మరీ ఖాళీ. వాడు క్లాసు పక్కనే ఉన్న మెట్లు వదిలేసి, బిల్డింగ్ అంతా చుట్టి, వెనక మెట్లెక్కి వస్తున్నాడని వాళ్ల క్లాస్ టీచర్ చెప్పారు. ఎందుకురా అని అడిగితే మాట్లాడలేదు. చార్టు ఉన్నది ఆ దగ్గరి మెట్ల పక్కనే.

ఆ సాయంత్రమే చార్టు తీసేశాను. మర్నాడు ఒక్కొక్కరికీ మడతపెట్టే అట్ట కార్డు ఒకటి ఇచ్చి, "ఇది నీది. నువ్వు చూపిస్తేనే ఇంకొకరు చూడాలి" అన్నాను. ఆ తరువాత నేను ఆ బాధ్యత వదిలే దాకా కార్డే నడిచింది.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. లెక్క పిల్లల చేతిలో ఉండాలి. అది గోడ మీదకి, ర్యాంకుల్లోకి వెళ్లిపోతే పిల్లలు పుస్తకం కోసం చదవడం మానేసి చుక్క కోసం చదువుతారు. మీరు భయపడుతున్న దొంగ లెక్కలు కూడా అక్కడే పుడతాయి.

ఇక 26 సంగతి. మారథాన్ 26.2 మైళ్లు కాబట్టి పుస్తకాలకీ పనులకీ కూడా అదే అంకె పెట్టారు, అంతకుమించి కారణం లేదు. ఆ దూరం కూడా మొదటి నుంచి ఉన్నది కాదు. 1896లో ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పరుగు దాదాపు 40 కిలోమీటర్లే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో 42.195 కిలోమీటర్లు పెట్టారు, 1921లో అదే అధికారిక దూరంగా ఖాయమైంది. మీరు మాత్రం పరుగు దూరం తగ్గించకండి. "నేను మారథాన్ దూరం పూర్తి చేశాను" అని ఎనిమిదేళ్ల పాప చెప్పుకోవడంలో ఉన్న గర్వం, 30 కిలోమీటర్లకి మార్చేస్తే రాదు. పుస్తకాలు, పనుల సంఖ్య మాత్రం వయసును బట్టి మార్చుకోవచ్చు. ఆరో తరగతి పిల్ల పెద్ద నవల ఒకటి చదివితే దాన్ని నాలుగు పుస్తకాలుగా లెక్కించడం నాకెప్పుడూ తప్పనిపించలేదు.

ఆరు నెలలంటే 26 వారాలు. సెలవులు, పరీక్షలు, వానలు పోను 20 వారాలు మిగులుతాయి. వారానికి మూడు రోజుల చొప్పున 60 రోజులు. రోజుకి 700 మీటర్లు అయితే 60 రోజుల్లో సరిగ్గా 42,000 మీటర్లు. మిగిలేది 195 మీటర్లు. ఆ 195 మీటర్లు నేను ఎవరినీ ముందుగా పరుగెత్తనిచ్చేదాన్ని కాదు. అది ఎందుకో చివర్లో చెబుతాను.

మైదానంలో టేపు పెట్టి కొలిచి, 175 మీటర్ల చుట్టు ఒకటి సున్నంతో గీయించండి. నాలుగు రౌండ్లు తిరిగితే ఆ రోజు పని అయిపోతుంది. మీకు 400 మీటర్ల ట్రాక్ ఉంటే మొత్తం మారథాన్ 105 రౌండ్లన్నర అవుతుంది, కానీ చిన్నపిల్లలకి చిన్న చుట్టే నయం. పూర్తయిన రౌండ్లు కళ్లకి కనిపిస్తుంటాయి, వెనకబడ్డవాళ్లు కూడా అందరి మధ్యలోనే ఉంటారు. చిన్న చుట్టులో ఎవరు ముందో ఎవరు వెనకో చూసేవాళ్లకి అసలు తెలియదు. రౌండ్ పూర్తయినప్పుడల్లా చేతికి ఒక రబ్బరు బ్యాండు తగిలిస్తే సరి, ఎవరూ కాగితం పట్టుకుని నిలబడక్కర్లేదు.

పరుగెత్తలేనివాళ్ల గురించి అడిగారు. నా మొదటి నియమం, నడక కూడా లెక్కే. ఇందులో మొహమాటం లేదు. స్కాట్లాండ్‌లోని స్టిర్లింగ్‌లో ఎలెయిన్ వైలీ అనే ప్రధానోపాధ్యాయిని 2012లో తన ప్రాథమిక పాఠశాల పిల్లలతో డైలీ మైల్ మొదలుపెట్టారు. రోజూ 15 నిమిషాలు, ఎవరికి వీలైన వేగంతో వాళ్లు, బట్టలు మార్చుకోవడం లేదు, పోటీ లేదు. తరువాత అది ఎన్నో దేశాల బడులకు పాకింది. పోటీ లేకపోవడమే దాని బలం అని నేను నమ్ముతాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలి, అది కాస్త ఊపిరి వేగం పెంచేదిగా ఉండాలి. మన 700 మీటర్లు ఏడెనిమిది నిమిషాల పని. అంటే ఇది పిల్లల ఆటల పీరియడ్‌కి బదులు కాదు. హెచ్‌ఎం గారు ఆటల పీరియడ్ తీసేసి ఇది పెడదామంటే ఒప్పుకోకండి.

వేగం ఎంత ఉండాలో పిల్లలకి చెప్పడానికి ఒకటే కొలత: పక్కవాళ్లతో మాట్లాడుతూ పరుగెత్తగలగాలి. మాట ఆగిపోతే నడవాలి. ఆస్తమా ఉన్న పిల్లల తల్లిదండ్రులతో ముందే మాట్లాడి, డాక్టర్ ఏం చెప్పారో రాతలో తీసుకోండి. ఇన్‌హేలర్ క్లాసులో బ్యాగులో ఉండకూడదు, మైదానం అంచున ఒక టీచర్ చేతిలో ఉండాలి. ఒక్కసారిగా వేగం అందుకోవడం వాళ్లకి మంచిది కాదు, కాబట్టి మొదటి రౌండ్ అందరికీ నడకే. పిల్లికూతలు వినిపిస్తే ఆ రోజుకి ఆపేయాలి. ఎండలో పిల్లలకి పెద్దవాళ్లకంటే చెమట తక్కువ పడుతుంది. అందుకే ఉదయం మొదటి గంటకే పెట్టుకోండి, పరుగుకి ముందే నీళ్లు తాగించండి. ఎదిగే వయసులో మడమ దగ్గర, మోకాలి కింద నొప్పులు వస్తాయి. "ఓర్చుకో" అనకండి. నొప్పి తగ్గేదాకా ఆ పిల్లవాడు రబ్బరు బ్యాండ్లు పంచుతాడు. రెండు వారాల్లో మొత్తం పూర్తి చేసేస్తానని ఒకరిద్దరు ఉత్సాహపడతారు. రోజుకి ఎనిమిది రౌండ్లు మించనివ్వకండి. వీల్‌చెయిర్‌లో తిరిగిన రౌండ్ రౌండే, కర్రల సాయంతో తిరిగిందీ రౌండే. దానికి వేరే పట్టిక, వేరే పేరు పెట్టకండి.

చదవడం సరిగా రాని పిల్లల విషయానికి వస్తాను. నాకు ఎక్కువ దిగులు ఉన్నది ఇక్కడే. బాగా చదవగలిగినవాళ్లు ఎక్కువ చదువుతారు, ఎక్కువ చదివి ఇంకా బాగా చదువుతారు. తడబడేవాళ్లు చదవడం తప్పించుకుంటారు, తప్పించుకుని ఇంకా వెనకబడతారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దూరం పెరుగుతూ పోతుంది. కీత్ స్టానోవిచ్ అనే మనస్తత్వవేత్త 1986లో దీన్ని వివరంగా రాశారు. 26 పుస్తకాలు అని ఒక అంకె చెప్పి వదిలేస్తే మన కార్యక్రమం ఆ దూరాన్ని ఇంకా పెంచుతుంది.

వెనక మెట్లెక్కే అబ్బాయి సంగతి చెప్పాను కదా. వాడికి అయిదో తరగతి పుస్తకం చేతికిస్తే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాడు. ఒకటో తరగతి పుస్తకం ఇస్తే అవమానంగా ఉండేది, తోటివాళ్లు చూస్తారని. ఒకరోజు వాడికి ఓ పని చెప్పాను. "ఒకటో తరగతిలో ఇద్దరు చిన్నపిల్లలున్నారు, వాళ్లకి కథ చదివి వినిపించేవాళ్లు కావాలి. రోజూ పది నిమిషాలు వెళ్తావా?" వెళ్లాడు. ఇప్పుడు వాడి చేతిలో బొమ్మల పుస్తకం ఉన్నా ఎవరూ నవ్వరు, ఎందుకంటే అది చిన్నపిల్లల కోసం. ముందురోజు సాయంత్రమే ఆ పుస్తకం పట్టుకెళ్లి ఇంట్లో రెండు మూడుసార్లు చదువుకుని వచ్చేవాడు. తప్పు చదివితే చిన్నవాళ్లు పట్టుకోలేరు, కానీ వాడికే నచ్చేది కాదు. అలా చదివింది పుస్తకంగానూ లెక్కే, మంచి పనిగానూ లెక్కే. ఒకే పది నిమిషాలకి రెండు చుక్కలా అని ఒక సహోద్యోగి అడిగారు. అవును, రెండు. ఆ పది నిమిషాల వెనక అరగంట కష్టం ఉంది.

మూడింటినీ కలపడంలో ఉన్న ప్రయోజనం నాకు అప్పుడు అర్థమైంది. అప్పటిదాకా అవి మూడు వేర్వేరు పనులు, ఒక కాగితం మీద పక్కపక్కన రాసినవి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దారి ఉన్నప్పుడే ఏదో ఒకదాంట్లో బలంగా ఉన్న పిల్లవాడు మిగతా రెండింట్లోకి ధైర్యంగా అడుగు పెడతాడు.

ఏం చదవాలో మీరు నిర్ణయించకండి. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో రెండు నాకు నోటికి వచ్చు: ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. బొమ్మల కథలు లెక్కే. క్రికెట్ గురించిన పుస్తకం లెక్కే. నచ్చిన పుస్తకం మూడోసారి చదివితే అదీ లెక్కే. పెద్దవాళ్లు చదువుతుంటే పక్కన కూర్చుని చివరిదాకా విన్నది కూడా చిన్న తరగతుల్లో లెక్కే. సగంలో నచ్చక వదిలేస్తే తప్పు లేదని మొదటి రోజే చెప్పండి, లేకపోతే ఒకే పుస్తకం దగ్గర రెండు నెలలు ఇరుక్కుపోతారు.

చదివిన ప్రతి పుస్తకానికీ అర పేజీ రాయమని మాత్రం అడగకండి. రాయడం ఇష్టం లేని పిల్లలు రాయాలన్న భయంతో చదవడమే మానేస్తారు. నేను చేసింది ఇది. మొదటి రౌండ్ అందరికీ నడకే కదా, ఆ రౌండ్‌లో రోజుకి ముగ్గురు నలుగురు పిల్లలు నా పక్కన నడుస్తూ తాము చదివింది చెప్పేవాళ్లు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పని పిల్లలు పక్కన నడుస్తుంటే ఎంత మాట్లాడతారో మీరే చూస్తారు. నేను ఒక్కటే అడిగేదాన్ని: "ఇందులో నాకు ఏ చోటు చదివి వినిపిస్తావు?"

పిల్లలు అబద్ధం రాస్తే ఎలా అన్న మీ ప్రశ్నకి కూడా ఆ నడకే జవాబు. నాలుగో తరగతి అబ్బాయి ఒకడు ఒకే వారంలో తొమ్మిది పుస్తకాలు రాసుకొచ్చాడు. నేనేమీ అనలేదు. పక్కన నడవమని, వాటిలో నాకు ఏది ఇస్తావని అడిగాను. ఒక పుస్తకం గురించి చక్కగా చెప్పాడు. రెండో రౌండ్‌లో ఇంకోదాని గురించి అడిగితే కాసేపు తల దించుకుని నడిచి, "ఆరు చదవలేదు టీచర్" అన్నాడు. సరే, కార్డు నీదే కదా, నీకు ఎలా ఉండాలనిపిస్తే అలా ఉంచుకో అన్నాను. మర్నాడు చూపించాడు, ఆరూ చెరిపేసి ఉన్నాయి. రబ్బరుతో గట్టిగా రుద్దిన చోట అట్ట చిరిగింది. కొత్త కార్డు ఇస్తానంటే వద్దన్నాడు.

రుజువు కోసం తల్లిదండ్రుల సంతకం పెట్టించకండి. రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చే తల్లిదండ్రులున్న పిల్లలు, చదవడం రాని తల్లిదండ్రులున్న పిల్లలు సంతకం దగ్గరే ఆగిపోతారు. సంతకం కోసం ఇంట్లో గొడవలు కూడా అవుతాయి. పేరెంట్స్ మీటింగ్‌లో ఒక్క మాట చెప్పండి చాలు: కార్డు చూపిస్తే చూడండి, అడిగి చూడకండి.

ఇక మంచి పనులు. మూడింట్లో కష్టమైనది ఇదే, తొందరగా పాడయ్యేదీ ఇదే. పరుగుకి మీటర్లున్నాయి, పుస్తకానికి పేజీలున్నాయి, మంచితనానికి కొలత లేదు. పైగా 26 అని అంకె పెట్టగానే పిల్లలు పనుల కోసం వెతకడం మొదలుపెడతారు, మనుషులు వాళ్లకి పనులుగా కనిపిస్తారు.

రెండో ఏడాది ఒక సంఘటన జరిగింది. మూడో తరగతిలో కొత్తగా చేరిన ఒక పాప కాస్త కుంటుతూ నడిచేది. మొదటి వారంలోనే ముగ్గురు పిల్లలు పోటీపడి ఆ పాప బ్యాగు లాక్కుని మోశారు, మంచి పని అని కార్డులో రాసుకున్నారు. మూడో రోజు ఆ పాప మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. "నా బ్యాగు నేను మోసుకోగలను టీచర్, వాళ్లు నన్ను అడగడం లేదు" అంది. ఆ ముగ్గురూ చెడ్డ పిల్లలు కాదు. నేను పెట్టిన అంకె వాళ్లని అలా చేసింది.

ఆ రోజు నుంచి మాకు ఒకే నియమం: ముందు అడగాలి. "నీకు సాయం కావాలా?" అని అడిగి, అవతలివాళ్లు వద్దంటే పక్కకి తప్పుకోవడం. అలా అడిగి తప్పుకోవడం కూడా మంచి పనే అని, కార్డులో రాసుకోవచ్చని చెప్పాను. ఆ పాప తరువాత చిన్న తరగతి పిల్లలకి రౌండ్లు లెక్కపెట్టడం నేర్పింది, తన కార్డులో అది రాసుకుంది.

మరో సమస్య, "అమ్మకి సాయం చేశాను" అని 26 సార్లు రాయడం. ఇలా రాసినవాళ్లని తిట్టకండి, ఇంకొంచెం వివరం అడగండి. ఎవరికి చేశావు, వాళ్లకి అది నిజంగా కావాలా, నీకు ఎంతసేపు పట్టింది. ఈ మూడు మాటల్లో చాలావరకు తేలిపోతుంది. తాను తిన్న కంచం తాను కడగడం మంచి పనా, మామూలు పనా అని మా పిల్లలు ఒకసారి ఇంటర్వెల్ అంతా వాదించుకున్నారు. నేను తీర్పు చెప్పలేదు. అప్పటినుంచి వారానికి పది నిమిషాలు అలాంటి వాదనలకే కేటాయించాను. ఆరు నెలల్లో మా పిల్లలు నిజంగా ఆలోచించిన పది నిమిషాలు అవే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఒకే పని పదే పదే చేస్తే? మా స్కూల్లో ఒక అమ్మాయి కార్డు నిండా ఒకటే రాసింది: నాన్నమ్మకి పేపర్ చదివి వినిపించాను. ఇరవై సార్లు. చూపు తగ్గిన ఆవిడకి రోజూ సాయంత్రం పేపర్ చదువుతోంది. అన్నీ కలిపి ఒకటిగానే లెక్కించాలని కొందరు టీచర్లు అన్నారు. నేను ఇరవై అన్నాను. కొత్త కొత్త పనులు ఇరవై చేయడం కంటే ఒకే పని ఇరవై రోజులు వదలకుండా చేయడం కష్టం.

స్కూల్లోనే చేయదగినవి ఎన్నో ఉంటాయి. చిరిగిన లైబ్రరీ పుస్తకాలకి అట్టలు వేయడం, జ్వరంతో రాని పిల్లవాడి కోసం నోట్సు రాసిపెట్టడం, ఆటలో ఎవరూ చేర్చుకోని పిల్లని పిలవడం, చెరిగిపోయిన సున్నం గీత మళ్లీ గీయడం. ఫొటోలు తీయకండి. స్కూల్ ఫేస్‌బుక్ పేజీలో పెడదామని ఎవరైనా అంటే సున్నితంగా వద్దని చెప్పండి. సాయం తీసుకున్నవాళ్ల మొహం కూడా ఆ ఫొటోలో ఉంటుంది. మా కార్డులో సగం గళ్లు "చెప్పను" అని రాసుకోవడానికి వీలుగా ఉండేవి. ఏం చేశారో ఎవరికీ చెప్పక్కర్లేదు. పిల్లలకి ఆ గళ్లంటే ఎంత ఇష్టమో చెప్పలేను. వాటిలో కొన్ని అబద్ధాలు ఉండి ఉండవచ్చు. ఉండనివ్వండి.

బహుమతుల గురించి నా అభిప్రాయం గట్టిదే. ముందుగా ప్రకటించిన బహుమతి వద్దు. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మలు వేయడం ఇష్టమున్న పిల్లల్ని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు, ఒక గుంపుకి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, ఇంకో గుంపుకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తరువాత ఖాళీ సమయంలో చూస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మలు వేశారు. సాయం విషయంలోనూ ఇలాంటిదే తేలింది. 2008లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ టొమసెల్లో 20 నెలల పసిపిల్లల్ని గమనించారు. సాయం చేసినందుకు బొమ్మ ఇచ్చిన పిల్లలు, తరువాత ఏమీ ఇవ్వనప్పుడు, మిగతావాళ్లకంటే తక్కువ సాయం చేశారు. మెచ్చుకోలు మాత్రం అలా చెడగొట్టలేదు. మా కార్డుల్లో చూసింది కూడా అదే కాబట్టి ఈ రెండు ప్రయోగాలూ నాకు గుర్తుండిపోయాయి.

ఒకసారి ఒక దాత, ఎక్కువ పుస్తకాలు చదివిన పిల్లవాడికి సైకిల్ ఇస్తానన్నారు. కాదనడం కష్టమే అయింది, కానీ ఆయన దగ్గరికి వెళ్లి ఈ చార్టు కథంతా చెప్పాను. ఆయన ఆ డబ్బుతో లైబ్రరీకి పుస్తకాలు కొనిచ్చారు. మీ స్కూల్లో కూడా ఎవరో ఒకరు ముందుకొస్తారు, అప్పుడు వాళ్లకి ఈ దారి చూపించండి. చివర్లో అందరికీ ఒకేలాంటి పతకం ఇస్తే మంచిదే. అది ముందుగా చెప్పకండి.

హెచ్‌ఎం గారికి నివేదిక కావాలి, అది న్యాయమే. పిల్లల పేర్లతో కాకుండా మొత్తం లెక్క ఇవ్వండి. 120 మంది పిల్లలు పూర్తి చేస్తే 5,063 కిలోమీటర్లు అవుతుంది. గోడ మీద చార్టు కావాలనిపిస్తే ఆ మొత్తాన్నే పెట్టండి. పటం గీసి, అందరూ కలిసి ఎంత దూరం వచ్చారో వారం వారం గుర్తు పెడితే, అందులో ఎవరి నాలుగు రౌండ్లు ఎవరివో తెలియదు కానీ అందరివీ ఉంటాయి.

ఒక్కరే చేయలేరు. పీఈటీ గారు, లైబ్రరీ చూసేవాళ్లు, మీరు, ఈ ముగ్గురైనా ఉండాలి. మూడో నెలలో ఊపు తగ్గుతుంది, ప్రతి ఏడాదీ తగ్గింది. అప్పుడు కంగారు పడి బహుమతులు ప్రకటించకండి. రౌండ్ తిరిగే దిక్కు మార్చండి, ఒకరోజు తరగతులు కలిపి పరుగెత్తించండి, పిల్లలు ఎంచుకున్న పుస్తకం మీరు పైకి చదవండి. అన్నిటికంటే ముందు మీకూ ఒక కార్డు ఉండాలి. నాకు ఉండేది. నా కార్డులో పుస్తకాల గళ్లు వెనకబడినప్పుడు "ఏం టీచర్, ఈ వారం చదవలేదా?" అని రెండో బెంచీ పిల్లలు అడిగేవాళ్లు. ఆ ప్రశ్న వాళ్లు అడగగలిగిన ఏడాది కార్యక్రమం బాగా నడిచేది.

చివరి 195 మీటర్ల గురించి చెప్తానన్నాను. ఆ రోజు తల్లిదండ్రుల్ని పిలవండి. 26 పుస్తకాలు పూర్తయినవాళ్లు, పదిహేడు దగ్గర ఆగినవాళ్లు, జ్వరం వల్ల నెల రోజులు రౌండ్లు తప్పినవాళ్లు, అందరూ ఒకే గీత దగ్గర నిలబడతారు. ఎవరి కార్డులో ఏముందో ఎవరూ చదవరు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు వరసలో ఉంటారు, వాళ్లని దాటి ఎవరూ వెళ్లకూడదు. చుట్టు 175 మీటర్లు కాబట్టి, ఒక రౌండ్ అయ్యాక ఇంకో 20 మీటర్లు వెళ్లాలి. ఆ 20 మీటర్ల దగ్గర మేం ఒకటో తరగతి పిల్లల్ని నిలబెట్టేవాళ్లం. మొదటిసారి అలా చేసినప్పుడు ఆ ఇద్దరు చిన్నపిల్లలు వెనక మెట్ల అబ్బాయి పేరు పెట్టి అరుస్తూనే ఉన్నారు.

మైదానం కొలిచాక దాని చుట్టుకొలత ఎంతో, మీకు నికరంగా ఎన్ని వారాలు దొరుకుతాయో రాయండి. రోజుకి ఎన్ని రౌండ్లో లెక్క వేసి, మా కార్డులో గళ్లు ఎలా వేశామో కూడా వివరంగా రాసి పెడతాను.